క్లస్టర్లు నడిపే సంస్థల ఐటీ పెద్దలకు: "బ్యాకప్ అవుతోందా" అని అడగడం ఇక ఆపండి

నమస్కారం.

మీలో ఎవరికీ నేను తెలియను. సర్వర్ క్లస్టర్ల మీద, అంటే ఒకే పనిని కలిసి మోసే సర్వర్ల గుంపుల మీద, బ్యాకప్ పని చూసే ఉద్యోగంలో పదమూడేళ్లుగా ఉన్నాను, అందులో సగం రాత్రి డ్యూటీలే. నెలనెలా జరిగే రివ్యూ మీటింగ్‌లో మీరు మా వైపు తిరిగి "బ్యాకప్‌లు అవుతున్నాయా?" అని అడుగుతారు, "అవుతున్నాయి సార్" అంటాం, మీరు తర్వాతి విషయంలోకి వెళ్లిపోతారు. పది సెకన్లు కూడా పట్టదు. అక్కడ ఎవరూ అబద్ధం ఆడట్లేదు, కానీ ఆ జవాబు విన్నాక మీకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు. మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: "చివరిసారి ఎప్పుడు రీస్టోర్ చేసి చూశారు, ఎంతసేపు పట్టింది?" రీస్టోర్ అంటే బ్యాకప్‌లోంచి డేటాని తిరిగి ఎక్కించి లేపడం. ఈ ఉత్తరమంతా ఆ ప్రశ్న గురించే.

నాకు ఇంత పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చెప్పాలి. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక చోట రెండు నోడ్‌ల (నోడ్ అంటే క్లస్టర్‌లోని ఒక్కో సర్వర్) డేటాబేస్ క్లస్టర్ ఉండేది. డేటా అంతా షేర్డ్ డిస్క్ మీద ఉంటుంది, ఒక నోడ్ పడిపోతే రెండోది ఆ డిస్క్‌ని అందుకుని నడిపిస్తుంది, వాడేవాళ్లకి ఆ మార్పు తెలియను కూడా తెలియదు. బ్యాకప్ తీసే చిన్న ప్రోగ్రామ్‌ని, అంటే ఏజెంట్‌ని, మొదటి నోడ్ మీద మాత్రమే ఇన్‌స్టాల్ చేశారు, జాబ్‌లో ఆ నోడ్ పేరే ఇచ్చారు, "ఈ సర్వర్‌లోని అన్ని డ్రైవ్‌లు" అని టిక్ పెట్టారు. ఒక శనివారం రాత్రి ప్యాచ్‌లు వెయ్యడానికి డేటాబేస్‌ని రెండో నోడ్ మీదకి మార్చాం. పని అయ్యాక వెనక్కి మార్చలేదు, మార్చాల్సిన అవసరమూ కనబడలేదు, అన్నీ చక్కగా నడుస్తున్నాయి మరి. ఆ రాత్రి నుంచి మా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రోజూ మొదటి నోడ్ దగ్గరికే వెళ్లేది. డేటా డ్రైవ్ పక్క నోడ్‌కి వెళ్లిపోయింది కాబట్టి ఇప్పుడక్కడ "అన్ని డ్రైవ్‌లు" అంటే సీ డ్రైవ్ ఒక్కటే. దాన్ని శుభ్రంగా కాపీ చేసి, పచ్చ టిక్ పెట్టి వచ్చేది.

46 రాత్రులు అలా గడిచాయి. ఆ తర్వాత ఒకరోజు ఎవరో షరతు రాయడం మర్చిపోయి డిలీట్ కమాండ్ కొట్టారు, ఒక టేబుల్ మొత్తం ఖాళీ అయింది. రాత్రి రెండు నలభైకి నేనూ, నా సీనియర్ ఒకాయనా బ్యాకప్ కన్సోల్ ముందు కూర్చున్నాం. ఆయన సైజు కాలమ్ మీద వేలు పెట్టి, లిస్టు జరుపుతూ ఒక్కో వరుసా పైకే చదువుతున్నారు. 38 జీబీ, 38 జీబీ, 38 జీబీ. చాలా వరుసల తర్వాత 611 జీబీ వచ్చింది, వేలు అక్కడ ఆగిపోయింది. పక్కన తేదీ చూస్తే ప్యాచింగ్ ముందు రోజు. అన్ని వరుసలకీ ఒకే పచ్చ టిక్. మేమిద్దరం ఆ లిస్టుని రోజూ పొద్దున్నే చూసేవాళ్లమే, కాకపోతే రంగు చూసేవాళ్లం, సైజు చూసేవాళ్లం కాదు. పోయిన రోజుల డేటాని ఇన్‌వాయిస్ కాగితాల్లోంచీ అప్లికేషన్ లాగ్‌ల్లోంచీ ఏరుకొచ్చి మళ్లీ ఎక్కించడానికి మూడు వారాలు పట్టింది, అయినా కొంత రానే లేదు.

తప్పు ఎక్కడుందో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఒంటరి సర్వర్‌కి పెట్టినట్టే క్లస్టర్‌కీ బ్యాకప్ పెట్టారు. క్లస్టర్‌లో డేటా ఒకచోట ఉండదు, తిరుగుతుంది. కాబట్టి ఏజెంట్ ప్రతి నోడ్ మీదా ఉండాలి, అన్నిటి మీదా ఒకే వెర్షన్ ఉండాలి, జాబ్‌లో నోడ్ పేరు కాకుండా క్లస్టర్‌కి ఉండే ఉమ్మడి పేరు ఇవ్వాలి, అప్పుడు డేటాబేస్ ఏ నోడ్ మీదుంటే జాబ్ అక్కడికి పోతుంది. ఇవన్నీ ప్రతి బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మాన్యువల్‌లోనూ ఉండేవే. అయినా ఎందుకు తప్పుతుందంటే, సెటప్ చేసిన రోజున ఎవరూ కావాలని ఫెయిలోవర్ చేసి, అంటే పనిని పక్క నోడ్ మీదకి మార్చి, ఆ తర్వాత జాబ్ నడిపి చూడరు. చూస్తే అరగంట పని. కొత్త నోడ్ చేర్చినప్పుడు కూడా అంతే, అప్లికేషన్ వాళ్లు నోడ్‌ని చేరుస్తారు, బ్యాకప్ టీమ్‌కి ఆ కబురు అందేసరికి నెల దాటుతుంది. నోడ్ చేర్చే పనికి రాసుకునే చెక్‌లిస్టులో బ్యాకప్ వరుస లేకపోతే ఆ చెక్‌లిస్టు పూర్తి కానట్టే లెక్క.

క్రాన్‌లో, అంటే టైమ్ ప్రకారం పనులు నడిపే చోట, పెట్టుకున్న సొంత స్క్రిప్టులది ఇంకో రకం కష్టం. మూడు నోడ్‌ల మీదా ఒకే స్క్రిప్టు పెడితే మూడూ ఒకేసారి ఒకే ఫైలు పేరుతో రాయడానికి దిగుతాయి. ఒక్క నోడ్ మీదే పెడితే ఆ నోడ్ పోయిన రోజు బ్యాకప్పూ పోతుంది. స్క్రిప్టు అన్ని నోడ్‌ల మీదా ఉండి, మొదలవ్వగానే "ఈ పూట బ్యాకప్ తియ్యాల్సింది నేనేనా?" అని క్లస్టర్‌ని అడిగి, కాకపోతే ఊరుకోవాలి. ఇలాంటి స్క్రిప్టుల్లో నేను కళ్లారా చూసిన ఇంకో తప్పు కూడా చెప్తాను. డేటాబేస్ డంప్‌ని, అంటే డేటా అంతటినీ బయటికి రాసే కమాండ్ ఫలితాన్ని, నేరుగా కుదించే ప్రోగ్రామ్ జీజిప్‌లోకి పైప్ చేస్తారు. డంప్ పాస్‌వర్డ్ తప్పని మొదట్లోనే ఆగిపోతుంది, కానీ కమాండ్లు నడిపే షెల్ చూసేది పైప్‌లో చివరి కమాండ్‌నే, జీజిప్ మటుకు ఏమీ లేని దాన్ని కూడా చక్కగా కుదించి విజయం అని చెప్తుంది. ఫోల్డర్‌లో రోజుకొక ఫైలు, సరైన తేదీతో, సరైన పేరుతో ఉంటుంది, సైజు 20 బైట్లు. స్క్రిప్టు మొదట్లో పైప్‌ఫెయిల్ ఆప్షన్ పెడితే తీరిపోయే సమస్య ఇది.

ఇప్పుడు మీ వైపు నుంచి నాకు తరచూ వినబడే మాట దగ్గరికి వస్తాను. "క్లస్టర్‌లో మూడు కాపీలు ఉన్నాయిగా, మళ్లీ బ్యాకప్‌కి ఇంత స్టోరేజ్ ఎందుకు?" ఈ మాట అడిగేవాళ్లంటే నాకు కోపం లేదు, పైకి చూస్తే నిజంగానే అలా కనబడుతుంది. కానీ ఆ మూడు కాపీలూ ఒకదాన్నొకటి అనుసరించడానికే ఉన్నాయి. ఒక డిస్క్ పాడైతే మిగతావి ఆదుకుంటాయి, అక్కడివరకూ బంగారం. ఎవరైనా తప్పుగా డిలీట్ చేస్తే మాత్రం ఆ డిలీట్ కూడా మూడు చోట్లకీ అంతే నమ్మకంగా, కన్ను మూసి తెరిచేలోగా వెళ్లిపోతుంది. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ దాడి జరిగినప్పుడు మెర్స్క్ షిప్పింగ్ కంపెనీకి ఇలాంటిదే జరిగింది. వాళ్ల నెట్‌వర్క్‌లో ఎవరెవరికి ఏ అనుమతులున్నాయో దాచే డొమైన్ కంట్రోలర్లు దాదాపు 150 ఉండేవి, అన్నీ ఒకదానితో ఒకటి సింక్ అవుతూ ఉండేవి, ఒకటి పోతే ఇంకోటి ఉంటుందన్నది లెక్క. అన్నీ ఒకేసారి పోతే ఏమిటన్న దానికి ఏర్పాటు లేదు, ఒక్కటి తప్ప అన్నీ ఒకేసారే పోయాయి. ఘనాలోని వాళ్ల ఆఫీసులో ఆ సమయానికి కరెంటు పోవడం వల్ల అక్కడి కంట్రోలర్ ఒక్కటి నెట్‌వర్క్‌కి దూరంగా ఉండి బతికింది. ఆ డిస్క్‌లోని డేటాని మనుషులు మోసుకెళ్లి మిగతా అంతా దాని నుంచి లేపారు. అంత పెద్ద సంస్థని కాపాడింది ఒక కరెంటు కోత, ఏ బ్యాకప్ పాలసీ కాదు.

స్నాప్‌షాట్‌ల (ఒక క్షణంలో డేటా ఎలా ఉందో పట్టిపెట్టే కాపీల) సంగతీ అలాంటిదే. కసాండ్రా అనే డేటాబేస్‌లో స్నాప్‌షాట్ తీస్తే అది అదే డిస్క్ మీద హార్డ్‌లింక్‌లు, అంటే ఉన్న ఫైళ్లకే ఇంకో పేర్లు, పెడుతుంది, అంతే. ఆ డిస్క్ పోతే స్నాప్‌షాట్ కూడా దానితోపాటే పోతుంది. అక్కడి నుంచి బయటికి, వేరే చోటికి తీసుకెళ్తేనే అది బ్యాకప్.

పైగా క్లస్టర్‌ని "కాపీ చేయడం" అనేది వినడానికే సులువు. ఒక సర్వర్‌కి అయితే ఒక క్షణం ఆపి, ఫొటో తీసినట్టు తియ్యచ్చు. పది నోడ్‌లకి పది ఫొటోలు పది వేర్వేరు క్షణాల్లో తీస్తే, వాటిని పక్కపక్కన పెట్టినప్పుడు ఒకే మనిషి రెండు ఫొటోల్లో కనబడతాడు, ఇంకొకడు ఎందులోనూ కనబడడు. షార్డ్ చేసిన, అంటే డేటాని ముక్కలుగా వేర్వేరు సర్వర్లకి పంచిన, మాంగోడీబీ డేటాబేస్‌లో సరిగ్గా ఇలాగే అవుతుంది. బ్యాకప్ నడుస్తుండగా ముక్కల్ని సమంగా సర్దే బ్యాలెన్సర్ ఒక ముక్కని ఈ షార్డ్ నుంచి ఆ షార్డ్‌కి జరిపిందంటే, ఆ ముక్క రెండు చోట్లా రావచ్చు, ఎక్కడా రాకపోవచ్చు. అందుకే బ్యాకప్‌కి ముందు బ్యాలెన్సర్‌ని ఆపమంటారు. ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజన్ డేటా ఫోల్డర్‌ని నోడ్ నోడ్‌కీ వెళ్లి కాపీ చేసుకునేవాళ్లని చూశాను, అది ఎక్కించినా లేచి కూర్చుంటుందని నమ్మకం లేదు, దాని సొంత స్నాప్‌షాట్ పద్ధతే వాడాలి. అప్లికేషన్లని క్లస్టర్ మీద నడిపే కుబర్నెటీస్‌లో అయితే దాని సమాచారం దాచే ఈటీసీడీ స్నాప్‌షాట్ తీసి ఇక అంతా భద్రమనుకుంటారు. ఈటీసీడీలో ఉండేది క్లస్టర్ ఎలా అమరిందన్న వివరమే, మీ అప్లికేషన్ల డేటా పర్సిస్టెంట్ వాల్యూమ్‌లలో ఉంటుంది, వాటికి వేరే బ్యాకప్ కావాలి. ఇల్లు కాలిపోయాక చేతిలో ఇంటి ప్లాను ఒక్కటే మిగిలితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడిపేవాళ్లకి మాత్రం ఒక్క మాట. వాల్ ఆర్కైవింగ్ (ప్రతి మార్పునీ రాసుకునే లాగ్ ఫైళ్లని బయట దాచడం) పెట్టుకుంటే ఏ నిమిషానికి కావాలంటే ఆ నిమిషానికి వెనక్కి వెళ్లచ్చు, ఇది చాలా గొప్ప వసతి. కానీ ఆర్కైవ్ కమాండ్ ఫెయిల్ అవుతూ ఉంటే డేటాబేస్ ఆ ఫైళ్లని పారెయ్యదు, దాచుకుంటూనే పోతుంది, చివరికి డిస్క్ నిండి డేటాబేసే ఆగిపోతుంది. బ్యాకప్ సరిగ్గా లేకపోవడం వల్ల ప్రొడక్షన్ (జనం వాడే అసలు సిస్టమ్) ఆగిన రాత్రుల్లో ఎక్కువ ఇవే నాకు గుర్తున్నాయి.

బ్యాకప్ వల్లే ప్రొడక్షన్‌కి దెబ్బ తగలడం ఇదొక్కటే కాదు. అన్ని నోడ్‌ల జాబ్‌లూ రాత్రి పన్నెండుకి పెడతారు, ఎందుకంటే పన్నెండు గుండ్రని అంకె. అందరూ ఒకే స్టోరేజ్ మీద ఒకేసారి పడతారు. వర్చువల్ మెషీన్ స్నాప్‌షాట్ తీసి మళ్లీ కలిపేటప్పుడు ఆ మెషీన్ కొన్ని సెకన్లు బిగుసుకుపోతుంది, పక్క నోడ్‌కి దాని హార్ట్‌బీట్, అంటే బతికే ఉన్నానన్న సంకేతం, వినబడదు, చచ్చిపోయిందనుకుని ఫెయిలోవర్ మొదలుపెడుతుంది. గలేరా అనే డేటాబేస్ క్లస్టర్‌లో ఒక నోడ్ బ్యాకప్ భారంతో వెనకబడితే ఫ్లో కంట్రోల్ మొత్తం క్లస్టర్‌ని నెమ్మదింపజేస్తుంది, అందుకే బ్యాకప్ తీసే నోడ్‌ని ఆ కాసేపు డీసింక్ చేసుకోవాలి, అంటే మిగతావి దాని కోసం ఆగకుండా చూడాలి. జాబ్‌ల మధ్య అరగంట అరగంట ఎడం పెట్టడం, వీలైన చోట సెకండరీ నోడ్ నుంచి తీసుకోవడం, బ్యాకప్ ట్రాఫిక్‌కి వేరే నెట్‌వర్క్ ఇవ్వడం, ఇవేవీ పెద్ద విద్యలు కావు. "రాత్రి పూట సైట్ ఎందుకు పడిపోతోంది" అని నెలల తరబడి మీటింగ్‌లు పెట్టుకున్న చోట నేను పనిచేశాను, జాబ్ టైమింగ్‌లు మార్చాక ఆ మీటింగ్‌లు ఆగిపోయాయి.

కోడ్ దాచుకునే సర్వీసు గిట్‌ల్యాబ్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, అయినా దాన్ని మళ్లీ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే వాళ్లు ఏదీ దాచుకోకుండా మొత్తం బయటపెట్టారు. 2017 జనవరి 31 రాత్రి, రెప్లికేషన్ (ఒక సర్వర్ మార్పుల్ని ఇంకోదానికి కాపీ చేయడం) సమస్యతో కుస్తీ పడుతున్న ఒక ఇంజనీర్ సెకండరీ (నకలు) సర్వర్ అనుకుని ప్రైమరీ (అసలు) సర్వర్ మీద డేటా ఫోల్డర్‌ని తుడిచేశారు. ఒకటి రెండు సెకన్లలోనే గమనించి ఆపారు, అప్పటికే సుమారు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. రాత్రి పొద్దుపోయాక రెండు టెర్మినల్ కిటికీలు పక్కపక్కన ఉంటే ఎవరికైనా జరగచ్చు, ఆ మనిషి మీద నాకు జాలే ఉంది. అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. రోజూ తీస్తున్నామనుకున్న డంప్‌లు వెతికితే వాటిని దాచే క్లౌడ్ బకెట్ ఖాళీ. డేటాబేస్ 9.6 వెర్షన్‌లో ఉంటే డంప్ తీసే ప్రోగ్రామ్ 9.2 ది నడుస్తోంది, ప్రతిసారీ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. ఆ ఎర్రర్‌ల గురించి మెయిళ్లు వెళ్తున్నాయి కూడా, కానీ మెయిల్ నిజమైనదేనని చూపే డీమార్క్ సెట్టింగ్ సరిగ్గా లేక అవతలి మెయిల్ సర్వర్ వాటిని తిప్పికొట్టేస్తోంది. చివరికి ఆరు గంటల ముందు ఇంకేదో టెస్టింగ్ కోసం చేత్తో తీసిన ఒక ఎల్‌వీఎమ్ (డిస్క్) స్నాప్‌షాట్ వాళ్లని ఆదుకుంది. దాన్ని స్టేజింగ్ (పరీక్షల) సర్వర్ నుంచి ప్రొడక్షన్‌కి కాపీ చేయడానికి సుమారు 18 గంటలు పట్టింది, ఎందుకంటే స్టేజింగ్‌కి చవకైన, వేగం తక్కువున్న డిస్క్‌లు ఇచ్చారు. అయినా సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 కొత్త ఖాతాలు పోయాయి.

ఇందులో రెండు విషయాలు మీరు గమనించాలి. ఒకటి, ఫెయిల్ అయితే మెయిల్ వస్తుందన్న ఏర్పాటు మీద ఆధారపడకూడదు, విజయం కబురు రాకపోతే అలారం మోగాలి. జాబ్ అసలు మొదలే కాకపోతే ఫెయిల్ అయిందని చెప్పేవాళ్లు ఎవరు? కాబట్టి బయట వేరే చోట ఒక చిన్న ప్రోగ్రామ్ కూర్చుని, "26 గంటలైంది, ఈ క్లస్టర్ నుంచి మంచి కబురు రాలేదు" అని అరవాలి. దానితోపాటు నిన్నటి సైజుకీ ఇవాళ్టి సైజుకీ తేడా కూడా చూడాలి. మా 38 జీబీ మొదటి రోజే పట్టుబడేది.

రెండోది ఆ 18 గంటలు. రీస్టోర్‌కి ఎంతసేపు పడుతుందన్న లెక్క కాగితం మీద వేసుకోవచ్చు, ఎవరూ వెయ్యరు. ఒక గిగాబిట్ లింక్ మీద సెకనుకి గరిష్ఠంగా 125 ఎంబీ వెళ్తుంది. 10 టీబీ డేటా ఉంటే, ఆ లింక్ నిండుగా ఒక్క క్షణం కూడా ఆగకుండా నడిచినా 22 గంటలు. ఇది కాపీ మాత్రమే. ఆ తర్వాత డేటాబేస్ లాగ్‌లు ఆడించుకోవాలి, ఇండెక్స్‌లు సరిచూసుకోవాలి, మిగతా నోడ్‌లు మళ్లీ సింక్ కావాలి. మీ ఒప్పందంలో నాలుగు గంటల్లో సర్వీసు తిరిగి లేపుతామని రాసి ఉంటే, ఆ నాలుగు గంటలు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగే హక్కు మాకుంది. రోజూ రాత్రి ఇంక్రిమెంటల్ బ్యాకప్ ఇరవై నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి రీస్టోర్ కూడా అలాగే ఉంటుందని చాలామంది అనుకుంటారు. తియ్యడం కొత్తగా మారినంత మటుకే, ఎక్కించడం మాత్రం మొత్తం.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కే ఎంత శక్తి ఉంటుందో కూడా మీకు ఎవరైనా చెప్పాలి. అది ప్రతి ఫైలునీ చదవగలదు, పాతవాటిని చెరిపెయ్యగలదు, సాధారణంగా రూట్ (సర్వాధికార) హక్కులతో నడుస్తుంది. 2021 డిసెంబర్‌లో క్యోటో యూనివర్సిటీ సూపర్‌కంప్యూటర్‌లో సుమారు 77 టీబీ పరిశోధన డేటా, 3.4 కోట్ల ఫైళ్లు, చెరిగిపోయాయి. చెరిపింది హ్యాకర్లు కాదు, బ్యాకప్ స్క్రిప్టే. పది రోజులు దాటిన పాత లాగ్‌లని తీసెయ్యడం దాని పని. సరఫరా చేసిన కంపెనీ దాన్ని కాస్త మెరుగుపరిచి, పాతది ఇంకా నడుస్తుండగానే దాని మీద కొత్తది రాసేసింది. బాష్ అనే షెల్, స్క్రిప్టుని ముక్కముక్కగా చదువుకుంటూ పోతుంది కదా, సగంలో కొత్త ఫైలులోకి వచ్చిపడింది, అక్కడ ఉండాల్సిన వేరియబుల్‌కి విలువ లేదు, లాగ్‌ల ఫోల్డర్ బదులు అసలు డేటా ఉన్న చోట చెరపడం మొదలుపెట్టింది. 14 పరిశోధక బృందాల ఫైళ్లు పోతే అందులో నాలుగు బృందాలవి తిరిగి తెచ్చే దారి లేకపోయింది. అప్లికేషన్ కోడ్ మారిస్తే పది మంది చూస్తారు, బ్యాకప్ స్క్రిప్టు మారిస్తే ఒక్కరూ చూడరు. రెండో కంటి రివ్యూ అందరికంటే ముందు కావాల్సింది దీనికే.

దాడులు చేసేవాళ్లకి కూడా ఈ సంగతి తెలుసు. లోపలికి రాగానే ముందు బ్యాకప్‌ల కోసమే వెతుకుతారు. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే సంస్థ కథ ఒక పూటలో ముగిసిపోయింది, దాని క్లౌడ్ కన్సోల్‌లోకి చొరబడినవాడు సర్వర్లతోపాటు స్నాప్‌షాట్‌లనీ బ్యాకప్‌లనీ అక్కడి నుంచే చెరిపేశాడు, సంస్థ మూతపడింది. అన్నీ ఒకే ఖాతా కింద ఉన్నాయి, ఆ ఖాతా తాళం ఒక్కటే. బ్యాకప్ సర్వర్‌ని మిగతా అన్నిటిలాగే అదే డొమైన్‌లో చేర్చి, అదే అడ్మిన్ పాస్‌వర్డ్‌తో నడుపుతుంటే మీదీ అదే పరిస్థితి. వేరే ఖాతా, వేరే పాస్‌వర్డ్, కనీసం ఒక కాపీ గడువు తీరేదాకా ఎవరూ, మేం కూడా, మార్చలేని చోట. ఆబ్జెక్ట్ లాక్ కావచ్చు, బయటికి తీసి పెట్టిన టేప్ కావచ్చు. టేప్ అంటే పాతకాలపుదని చిన్నచూపు చూడకండి, అరలో పడుకున్న టేప్‌ని ఇంటర్నెట్‌లోంచి ఎవరూ చెరపలేరు.

2024 మేలో ఆస్ట్రేలియాలో యూనిసూపర్ అనే పెన్షన్ ఫండ్‌కి ఒక కాన్ఫిగరేషన్ పొరపాటు వల్ల గూగుల్ క్లౌడ్‌లోని వాళ్ల ప్రైవేట్ క్లౌడ్ మొత్తం డిలీట్ అయిపోయింది. ఆరు లక్షల పైచిలుకు సభ్యులు వారం రోజుల పైన తమ ఖాతాలు చూసుకోలేకపోయారు, కానీ వాళ్ల దగ్గర ఇంకో ప్రొవైడర్ దగ్గర కూడా బ్యాకప్ ఉంది, లేచి నిలబడ్డారు. ఆ రెండో ప్రొవైడర్‌కి డబ్బు కట్టడానికి ఏదో ఒక మీటింగ్‌లో ఎవరో ఒకరు ఒప్పించి ఉంటారు, ఇంకొకరు సంతకం పెట్టి ఉంటారు. వాళ్లెవరో నాకు తెలియదు కానీ వాళ్లంటే నాకు చాలా గౌరవం.

దీనికి పూర్తి ఎదురుగా, 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజోన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ప్రభుత్వ ఉద్యోగులు తమ పని ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే వ్యవస్థ, 858 టీబీ, కాలిపోయింది. బయట కాపీ లేదు. డేటా మరీ పెద్దదవడం వల్ల బ్యాకప్ పెట్టలేదని చెప్పారు. సైజు పెద్దదన్న కారణం మీ దగ్గర కూడా ఏదో ఒక క్లస్టర్‌కి రాసి ఉంటుంది, ఒకసారి వెతికించండి. అంతా ఒక్కసారే తియ్యలేకపోతే ముఖ్యమైనదేదో తేల్చుకుని ముందు అది తియ్యాలి. ఏది పోతే బతకలేమో తేల్చాల్సింది మేం కాదు, మీరు. మాకు బైట్లు కనబడతాయి, వాటి విలువ మీకు తెలుస్తుంది.

ఇంకొక చిన్న విషయం, చిన్నదే గానీ పీక మీదకి తెస్తుంది. బ్యాకప్‌లని ఎన్‌క్రిప్ట్ చేస్తారు, మంచిదే. ఆ తాళం ఎక్కడుంది? పాస్‌వర్డ్ మేనేజర్‌లో. ఆ పాస్‌వర్డ్ మేనేజర్ ఏ సర్వర్ మీద నడుస్తోంది? మేం బ్యాకప్ తీస్తున్న ఆ క్లస్టర్ మీదే. రీస్టోర్ ఎలా చెయ్యాలో రాసుకున్న వికీ ఎక్కడుంది? అక్కడే. బ్యాకప్ సర్వర్ కూడా అక్కడే ఒక వర్చువల్ మెషీన్‌గా నడుస్తుండటం ఎన్ని చోట్ల చూశానో లెక్కలేదు. తాళం, రన్‌బుక్ (రీస్టోర్ ఎలా చెయ్యాలో అడుగడుగునా రాసినది), సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్, లైసెన్స్ ఫైలు, బ్యాకప్ కాటలాగ్ (ఏ బ్యాకప్ ఎక్కడుందో చెప్పే జాబితా) కాపీ, ఈ ఐదూ క్లస్టర్‌తో ఏ సంబంధమూ లేని చోట ఉండాలి, రన్‌బుక్ అయితే కాగితం మీద కూడా.

ఇంతకీ మీ నుంచి కావాల్సింది ఏమిటంటే, నెలకి ఒక రోజు. రీస్టోర్ రోజు. రోస్టర్‌లో రాసి ఉండాలి, "టైమ్ దొరికితే చూద్దాం" లెక్కలో కాదు, ఎందుకంటే టైమ్ ఎప్పుడూ దొరకదు, పదమూడేళ్లలో ఒక్కసారీ దొరకలేదు. ఆ రోజు ఒక క్లస్టర్‌ని ఎంచుకుని, ప్రొడక్షన్‌తో కలవని వేరే నెట్‌వర్క్‌లో, ఖాళీ మెషీన్ల మీద మొదటి నుంచీ లేపాలి. ఫైల్ ఒకటి తిరిగి వచ్చిందని సరిపెట్టుకోకూడదు, క్లస్టర్ క్వోరమ్‌తో, అంటే సగానికి పైగా నోడ్‌లు కలిసి, లేవాలి, అప్లికేషన్ లాగిన్ కావాలి, నిన్నటి ఒక రికార్డు తెరిచి చూడాలి. సెటప్ చేసినవాళ్లు కాకుండా ఇంకొకరు, వీలైతే టీమ్‌లో అందరికంటే కొత్తవాళ్లు, రన్‌బుక్ మాత్రమే చదువుతూ చెయ్యాలి. వాళ్లు ఎక్కడ ఆగి అడిగారో అక్కడ రన్‌బుక్ తప్పు, దాన్ని అదే రోజు దిద్దాలి. మొదలుపెట్టిన టైమ్, ముగిసిన టైమ్ రాసిపెట్టాలి. దీనికి స్టోరేజ్ కావాలి, ఖాళీ మెషీన్లు కావాలి, ఆ రోజు ఆ మనుషులని వేరే టికెట్లకి పిలవకూడదు. ఈ మూడూ మీ చేతిలోవే, మా చేతిలో లేవు.

ఇంకో మాట కూడా. మొదటి రీస్టోర్ చాలా చోట్ల ఫెయిల్ అవుతుంది. నేను చేసిన మొదటిది ఫెయిల్ అయింది, రెండోదీ అయింది. ఆ రోజు మీరు మీటింగ్‌లో గొంతు పెంచితే, తర్వాతి నెల నుంచి మీకు కచ్చితంగా పాస్ అయ్యే చిన్న ఫైలు రీస్టోర్‌లే చూపిస్తారు, టెన్షన్‌లో ఉన్న మనిషి చేసేది అదే. ఫెయిల్ అయిందని రాసిన రిపోర్టుకి కింద మీరు "ఏం కావాలో చెప్పండి" అని రాస్తే చాలు.

వచ్చే రివ్యూలో ఒక్కసారి ఇలా చేసి చూడండి. పచ్చ టిక్‌ల స్లైడ్ రాగానే ఆపి, అందులో ఏదో ఒక వరుస మీద వేలు పెట్టి, దీని సైజు నెల కిందట ఎంత, నిన్న ఎంత, దీన్ని చివరిసారి ఎవరు లేపారు, ఎన్ని గంటలు పట్టింది అని అడగండి. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడకపోవచ్చు. తొందరపడకుండా ఆగండి, ఆ టీమ్‌లో జవాబు తెలిసిన మనిషి ఒకరు ఉంటారు, బహుశా ఆ ప్రశ్న కోసం చాలా రోజులుగా ఎదురుచూస్తూ ఉంటారు.

ఇట్లు,
రాత్రి డ్యూటీలో ఉన్న ఒక బ్యాకప్ అడ్మిన్